కొమురవ్వ గోడ

కొమురవ్వ గోడకు పడిన పగులు తన సాంచాల వల్లనేనా అన్న అనుమానం జలపతిని ఏళ్ల తరబడి వదల్లేదు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. సిరిసిల్లలో ఆ వాడ పొద్దస్తమానం వాటి చప్పుడులోనే బతుకుతుంది. ఆయన షెడ్డుకూ ఆమె ఇంటికీ నడుమ ఉన్నది ఆ ఒక్క గోడే. ప్రతి సోమవారం వేములవాడ గుడికి పోయి రాజన్న దేవునికి చేతులు జోడించేవాడు కానీ, పక్కింటి ముసలామెను మాత్రం ఏనాడూ అడగలేదు. అవునంటుందేమోనని భయం.

ఇప్పుడు వాడ కింద రైలు సొరంగం తవ్వుతామనీ, పైనున్న చిన్న ఇండ్లు తీసి అయిదంతస్తులవి కడతామనీ కబురు వచ్చింది. జనం అభిప్రాయం అడగడానికి ఆఫీసరు వస్తున్నాడు.

"లిఫ్టు సుఖం మీకేం ఎరుక?" అన్నాడు జగిత్యాలలో ఫ్లాటు కొన్న వేణు.

"సాంచను లిఫ్టుల ఎక్కిస్తవారా?" అని బాలకిషన్ గద్దించాడు. వాడకు పెద్ద ఆయనే. జలపతి వైపు తిరిగాడు. "మొన్న మట్టి పరీక్షకు బోరేసిండ్రు గద, గా మెషిన్‌తోనే కొమురవ్వ గోడ పలిగిందని ఆఫీసరుకు చెప్పు. నువ్వు రాజన్న భక్తునివి. నీ మాట ఎవడు కాదంటడు?"

షెడ్డు పోతే జలపతి బతుకు పోయినట్టే. అయినా అబద్ధం చెప్పడానికి మనసొప్పడం లేదు.

ఆఫీసరు రాగానే వాడంతా సాంచాలు ఆపేసింది. చావు జరిగినా, చుట్టం వచ్చినా మాట వినబడాలని ఆపడం అక్కడి మర్యాద. ఆఫీసరు ఆ పగిలిన గోడకు అదురు కొలిచే యంత్రం ఆనించి చూశాడు. ముల్లు కదల్లేదు.

"అదురే లేదు. షెడ్లు కూడా నడుస్తున్నట్టు లేవు. ఇక అభ్యంతరం ఏముంది?"

బాలకిషన్ కళ్లతో సైగ చేశాడు. జలపతి ముందుకొచ్చాడు.

"సారూ, గోడ బోరుతోని పలగలే. నా సాంచాలతోనే పలిగిందని నా అనుమానం. మీరచ్చిండ్రని అందరం బంద్ చేసినం. ఇప్పుడు నడిపిస్త, మళ్లొక్కసారి చూడుండ్రి."

"ముంచినవ్ పో!" అన్నాడు బాలకిషన్.

సాంచాలు మొదలయ్యాయి. ముల్లు ఎగిరిపడింది.

"సాంచాలకే గిట్లుంటే రైలుకు ఎట్ల సారూ?" అన్నాడు జలపతి.

"రాసుకుంటాను. కానీ ఇంత అదురు పుట్టించే షెడ్లు ఇండ్ల నడుమ ఎందుకని కూడా పైవాళ్లు అడుగుతారు."

ఆయన వెళ్లాక వాడలో ఎవరూ జలపతితో మాట్లాడలేదు. చెప్పింది మేలో కీడో ఆయనకే తెలియలేదు. తల వంచుకుని కొమురవ్వ గడపలో నిలబడ్డాడు.

"చిన్నమ్మా, నీ గోడ..."

"నాకు తెల్వదా కొడుకా? గా చప్పుడు ఆగితే నాకు నిద్రనే రాదు. పగులు సంగతి ఇడిసిపెట్టు. సాంచాలు బిగించిననాడు నా వాకిట్ల తట్టెడు ఇసుక ఎత్కపోయినవ్, గదెప్పుడిస్తవ్?"

మరునాడు పొద్దున్నే రాజన్నకు దీపం పెట్టి, జలపతి ఇసుక తట్ట నెత్తిన పెట్టుకొని వచ్చాడు.

"నిండ తెచ్చినవా?"

"కుప్పగ తెచ్చిన చిన్నమ్మా," అని ఇసుకను ఆ పగులు కింద కుమ్మరించాడు.