గాట్ల కర్ర

వడపోత గుడ్డను నాలుగు మడతలు వేసి డ్రమ్ము మూతికి కట్టాక, తిప్పన్న ఆ ముడిని రెండుసార్లు లాగి చూశాడు. తన చేతి ముడిని తనే నమ్మడు. నిన్న హిందూపురం హోటళ్ల నుంచి తెచ్చిన వాడిన నూనె నల్లగా, చిక్కగా దిగుతోంది. మిరపగింజలు, మాడిన పూరీ ముక్కలు గుడ్డ మీదే ఆగిపోతున్నాయి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, వెడల్పు భుజాలు. కుడి ముంజేతి మీద పెద్ద కాలిన మచ్చ. అది ఈ షెడ్డులో అయింది కాదు.

పెనుకొండ బయట ఒక ట్రస్టు వాళ్లు నడిపే షెడ్డు అది. జైలు నుంచి వచ్చినవాళ్లకు వాడిన నూనెతో బయోడీజిల్ చేయడం ఆరునెలలు నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. తిప్పన్నకు ఇంకా పది రోజులే ఉన్నాయి. పరిగిలో ఉన్న కూతురు రమాదేవి ఫోన్లో ఒకటే చెప్పింది: “కాగితం తీసుకోని రా నాయనా. ఉత్త చేతుల్తో వస్తే మా అత్తోళ్లు గడప తొక్కనీరు.”

ఎనిమిదింటికి హేమలత వచ్చింది. కెమిస్ట్రీ చదివిన హిందూపురం అమ్మాయి, ఇక్కడ పని నేర్పేది ఆమే. వస్తూనే మెథనాల్ డ్రమ్ము తాళం తీసి ఇనుప స్కేలు దించి, లెక్క రాసుకుంది. నూనె డీజిల్ కావాలంటే ఆ మెథనాల్ కలపాలి. చూడ్డానికి నీళ్లే, వాసనకు సారాయే, గొంతు దిగితే విషం. డ్రమ్ము మీద ఎర్ర రంగుతో పుర్రె బొమ్మ వేసి ఉంది.

“వాడింది పోను మళ్లీ ఒక వేలు తగ్గింది. ఇది నాలుగోసారి,” అంది, ఎవరి వైపూ చూడకుండా.

చూడకపోయినా ఆ మాట ఎవరి మీద వాలిందో తిప్పన్నకు తెలుసు. పదకొండేళ్ల కిందట అతను కాచిన నాటుసారా తాగి సొంత ఊళ్లోనే ముగ్గురు పోయారు. అందులో స్పిరిట్ కలిపింది వేరేవాళ్లని కోర్టులో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. జైల్లో కొన్నాళ్లకు ఆ మాట తనకే నమ్మబుద్ధి కాకుండా పోయింది.

రాత్రి కాపలా ముగించుకుని సైకిలు తీస్తున్న వాచ్‌మన్ నారాయణప్ప పళ్లికిలించాడు. “పిల్లిని పాలకు కాపలా పెట్టినట్టుండాది మేడమ్. ఆయప్పకు తెలిసిన ఇద్దె గదా!”

తిప్పన్నతోపాటు పని నేర్చుకునే డేవిడ్, బైకుల దొంగతనంలో జైలుకు పోయి వచ్చినవాడు, నవ్వాడు. “పోనీలే, పోయింది బైకు గాదు. నా మీదికి రాదు.”

తిప్పన్న నవ్వలేదు. పోయిన వారమే నారాయణప్పకు చెప్పాడు, దాని వాసన కూడా చూడొద్దని, పానం తీస్తుందని. నారాయణప్ప కన్ను గీటాడు. “నాకు చెప్తాండావా? మా మామ మామిడితోటకు ‘మందు కొట్టినాము’ అని బోర్డు పెట్టేవాడు. ఒక్క చుక్క కొట్టిన పాపాన పోలేదు. నీ పుర్రె బొమ్మా అంతే.”

డ్రమ్ము వెనక గోడసందులో తిప్పన్న ఒక వెదురుబద్ద దాచుకున్నాడు. రోజూ సాయంత్రం హేమలత తాళం వేసేముందు, ఆమె చేతులు కడుక్కునేలోపు, బద్ద దించి తడి అయిన చోట బ్లేడుతో గాటు పెడతాడు. సాయంత్రం ఉన్నది పొద్దునకు ఉండటం లేదు. తాళంచెవి ఉండేది ఆఫీసు గదిలో, గది చెవి ఉండేది వాచ్‌మన్ దగ్గర. మెథనాల్ రాత్రిళ్లు కర్రసామాన్ల పాలిష్ పనివాళ్లకు పోతోందని తిప్పన్న ఎప్పుడో పసిగట్టాడు. కానీ చెప్పలేదు. జైలు నుంచి వచ్చినవాడు పట్టిన కొలతను ఎవరు నమ్ముతారు? నోరు మూసుకుంటే పదే రోజులు.

పదింటికి వ్యానులో ధర్మవరం పోయాడు. బస్టాండు పక్క బజ్జీల బండి చిన్నమ్మ నూనె డబ్బా ముందుకు తోస్తూ నిలేసింది. “నిజం చెప్పప్పా, ఈ మడ్డి నూనె మళ్లీ ప్యాకెట్లకు పోసి అమ్ముతారంట గదా మీరు?”

“లారీలకు పోస్తారమ్మా.”

“లారీలు గూడా బజ్జీల నూనె తాగే కాలమొచ్చిందా!”

తిప్పన్న గరిటెడు నూనె తీసి ఆమె పెనం మీద చుక్క వేశాడు. చిటపటమని చిమ్మింది. “నీళ్లు కలిసినాయి చిన్నమ్మా.”

“వాన పడిందప్పా.”

“ఈ ఎండల్లోనా?”

ఆమె తల తిప్పుకుని నవ్వుతూ ఇంకో డబ్బా తీసింది. దానికీ చుక్క వేసి చూశాకే ఎత్తుకున్నాడు. షెడ్డుకు తిరిగొచ్చి గేటు దగ్గర రెండు జేబులూ బయటికి లాగి నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. జైలు అలవాటు.

సాయంత్రం ఆరింటికి చివరి విడత నూనె కలపడం అయింది. హేమలత కొళాయి దగ్గరికి వెళ్లింది. తిప్పన్న బద్ద దించి, తీసి, బ్లేడు ఆనించాడు. అప్పుడే నారాయణప్ప డ్యూటీకి వచ్చాడు. సైకిలు నిలపబోతే స్టాండు తగల్లేదు, సైకిలు పడిపోయింది. గోడ తడుముకుంటూ వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“ఏమబ్బా, పొద్దన్నుంచి కడుపులో తిప్పుతాంది. ఈపొద్దు కొండ గూడా కనపడలేదే. మంచు పట్టినట్టు తెల్లగా ఉండాది.”

ఏప్రిల్ నెల. కొండ ఎర్రటి ఎండలో స్పష్టంగా ఉంది.

బ్లేడు ఆగిపోయింది. పదకొండేళ్ల కిందట చిన్నాన్న కొడుకు గంగాధర అరుగు మీద ఇలాగే కూర్చుని, దీపం చుట్టూ మంచుందేమన్నా అని అడిగాడు. తెల్లారేసరికి పోయాడు.

చెబితే తన పేరే రాసుకుంటారు. కాగితం పోతుంది, పరిగి గడప పోతుంది. చెప్పకపోతే వడదెబ్బ అనుకుంటారు. తిప్పన్న బద్దను సందులోకి తోశాడు.

“మేడమ్, వ్యాను తీయమనండి. ఈయప్ప డ్రమ్ములోది తాగినాడు.”

హేమలత తడి చేతులతో అలాగే నిలబడిపోయింది. “నీకెట్లా తెలుసు?”

“తెలుసు మేడమ్. తొందరగా రాండి.”

వ్యానులో నారాయణప్ప అతని చొక్కా వదల్లేదు. “రాత్రే, ఒక్క గ్లాసు. ఇన్నాళ్లూ పాలిష్ వాళ్లకిచ్చినా గానీ తాగలేదప్పా. ఉత్త బోర్డనుకుంటి. నువ్వు వద్దంటే, నీ కోసరమే దాచుకుంటాండావని అనుమానపడితి.” ఆ మాటలు విన్నది తిప్పన్న ఒక్కడే.

నీకెట్లా తెలుసని ఆసుపత్రిలో డాక్టరూ అడిగాడు. ముగ్గురు పోవడం చూసినానని తిప్పన్న చెప్పాడు. అప్పటికే ఆలస్యమైంది. ఎనిమిదిన్నరకు నర్సు బయటికి వచ్చి నారాయణప్ప సైకిలు తాళంచెవి, తువ్వాలు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కానిస్టేబుల్ వచ్చాడు. అతనూ అదే అడిగాడు. తిప్పన్న లేచి, ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ పైకెత్తి సోదాకు నిలబడ్డాడు.

తెల్లారకముందే తిప్పన్నను వదిలేశామని, మళ్లీ పిలుస్తామని చెప్పామని స్టేషన్లో హేమలతతో అన్నారు. ఎనిమిదైనా అతను షెడ్డుకు రాలేదు. పరిగికి ఫోన్ చేస్తే అక్కడికీ రాలేదంది రమాదేవి. “ఇంకా తొమ్మిది రోజులుండాయి గదా మేడమ్?” అని అడిగింది.

హేమలత డ్రమ్ము తాళం తీసి స్కేలు దించింది. నిన్న సాయంత్రం ఎంతుందో ఎవరూ రాసిపెట్టలేదు. లెక్క తేలక డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక గోడసందు చూసింది. వెదురుబద్ద దొరికింది. దాన్ని స్కేలు పక్కన ఆనించింది. తగ్గిన నాలుగు రోజులూ, తను పొద్దున రాసిన లెక్కకంటే ముందురోజు సాయంత్రపు గాటు ఒక వేలు పైనే ఉంది.

అన్నిటికంటే కింది గాటు సగమే తెగి ఉంది. అక్కడ వెదురు ఇంకా తెల్లగానే ఉంది.