నలభై ఒకటో ఇల్లు

"అక్కా, ఊరు యాడికి వోయింది?"

తిరుమలేష్ ఆ మాట అడిగేసరికి భానుమతి చేతిలో కాఫీ తొణికి బల్ల మీద పడింది. పరదేశంలో రాఫెల్స్ ప్లేస్ అనే ఆఫీసుల పేటలో పద్దెనిమిదో అంతస్తు, పొద్దున తొమ్మిది గంటలు. రెండు వేల సంవత్సరం. కంప్యూటర్ ముట్టుకున్నవాడల్లా విమానం ఎక్కుతున్న రోజులు. ఆ గదిలో ఎనిమిది మంది కాంట్రాక్టు మనుషులు ఆఫ్రికా దక్షిణాన ఉన్న ఒక రాష్ట్రానికి మ్యాప్ గీస్తున్నారు. జలపాతాలు ఎక్కడ, ఏనుగులు నీళ్ళకొచ్చే మడుగు ఎక్కడ, జీపులో కూర్చుని సింహాలను చూసే గుట్ట ఎక్కడ, అన్నీ. విమానంలోంచి ఎన్నడో తీసిన పాత ఫోటోల మీద మౌసుతో గీత గీత లాగడం వాళ్ళ పని.

అక్కడి ఒక అభయారణ్యం నడిమధ్య, నది వంపులో, మపూల అని ఒక ఊరుంది. నలభై ఒక్క ఇళ్ళు. తిరుమలేష్ మూడు రోజులు కళ్ళు కాయలు కాచేలా చూసి గీశాడు. ఇవాళ తెర మీద ఊరు లేదు, ఆకుపచ్చ రంగుంది.

చెరిపింది ఎవరో కాదు, భానుమతే. ఆ ఎనిమిది మందిలో ఆమే పెద్ద. నిన్న సాయంత్రం ఒక్క మీట నొక్కింది, అంతే. ఊరు పోవడానికి అంతకంటే పెద్ద కష్టమేం అక్కర్లేదు.

"మేనేజర్ గారు తీసెయ్యమన్నారు తిరుమలేష్. అవి ఇళ్ళు కావంట, చెదపుట్టలంట. ఆ అడవిలో బంగళాలు కట్టే కంపెనీ వాళ్ళు చెప్పారు."

"పుట్టలా? పుట్టకు బాటెందుకుంటదక్కా? గిది సూడు, పక్కన నల్లగ. బూడిద, పేడ. మా దిక్కు పెంటకుప్ప అంటం. దినాం పొయ్యి ముట్టిస్తెనే కుప్ప లేస్తది. నలబై ఒక్క పుట్టలకు నలబై ఒక్క పెంటకుప్పలు! చెదలు గూడ అన్నం వండుకుంటయా?"

భానుమతి తెనాలిలో పుట్టి డాబా మీద పెరిగింది. ఆమెకు ఆ ఫోటోలో కనబడేవి చుక్కలే. పాలమూరు పల్లె మట్టిలో పెరిగిన తిరుమలేష్ కంటికి మాత్రం పొగ కూడా కనబడుతుంది. ఆమెకు సిగ్గేసింది. సిగ్గుతోపాటు భయమూ వేసింది.

ఎందుకంటే సంగతి ఆమెకు తెలుసు. ఆ ఊరి బడిపంతులమ్మ నోమ్సా నెల కిందట రాసిన ఈమెయిల్ ఆమెకే వచ్చింది. "వచ్చే నెలాఖరున భూముల బోర్డు కూర్చుంటుంది. పాత ఫోటోలోంచి మీరు గీసే మ్యాప్‌నే సాక్ష్యంగా తీసుకుంటారట. అందులో మా ఊరుంటే మేం తరతరాలుగా ఉన్నవాళ్ళం. లేకపోతే నిన్నగాక మొన్న చొరబడ్డవాళ్ళం, ఇళ్ళు కూల్చి యాత్రికులకు బంగళాలు కడతారు. చివరి ఇల్లు మాది. వెనక మా అమ్మమ్మ గోరీ ఉంది. చిన్నది. పైనుంచి కనబడుతుందా?"

ఆమె చూపిస్తే, ఆ ఉత్తరం అచ్చు తీసి తిరుమలేష్ తన బల్లకు అంటించుకున్నాడు. భానుమతి మాత్రం దానికి జవాబే రాయలేదు.

ఆ మధ్యాహ్నం ఎనిమిది మందీ హాకర్ సెంటర్‌కు, అంటే చవక తిండి అంగళ్ళ చావడికి, పోయారు. ఈ దేశంలో నలుగురు కూడి మాట్లాడుకుంటే అనుమానమే. తిండి ముందు కూర్చుంటే ఎవడూ అడగడు. సియూ లింగ్ అనే ఇక్కడి పిల్ల ముందే పరిగెత్తి రెండు బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పడేసి చోప్ చేసింది, అంటే ఈ చోటు మాది అని పట్టిపెట్టింది. చుట్టూ పళ్ళేలు పట్టుకుని వందమంది నిలబడి ఉన్నారు. ఆ ప్యాకెట్లున్న కుర్చీల వైపు ఒక్కడూ రాలేదు.

తిరుమలేష్ జరిగింది చెప్పాడు. సాయి కిరణ్ అందరికంటే ముందు లేచాడు. బెజవాడ కుర్రాడు, నోరు చురుకు.

"అన్నా, నువ్వు మరీనూ! మనమేమన్నా ఇళ్ళు కూలుస్తున్నామా? గీతలు గీసుకునేవాళ్ళం. మనం తుడవకపోతే ఇంకోడు తుడుస్తాడు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి మనం?"

"నువ్వన్నదే మా ఊరికొచ్చిన సర్వేయరు గూడ అన్నడు తమ్మీ. మంచోడే. మా అమ్మ ఈరమ్మ ఇచ్చిన సల్ల తాగి, మా ఇంటిని ఖాళీ జాగ అని రాసుకపోయిండు. పైనుంచి చెప్పిండ్రంట. కృష్ణల కట్టిన ప్రాజెక్టు నీళ్ళు మీదికొచ్చిన్నాడు మా అమ్మ పోయి పెంటకుప్ప మీద కూసుంది. 'ఇల్లు లేదంటిరి గద, మరి ఈ కుప్ప ఎవరి పొయ్యిదో చెప్పి లేపుండ్రి' అన్నది. ఎవ్వడు చెప్పలే. రెక్కలు వట్టి గుంజిండ్రు. ఆరు నెలలకే పాణం ఇడిసింది. బొంద పెట్టనీకి గూడ మాకు జానెడు జాగ లేకుండె."

తిరుమలేష్ బల్ల మీది టిష్యూ ప్యాకెట్ ఎత్తి చూపించాడు.

"ఈ దేశంల ఇంత కాయితం పెడితే ఆ కుర్సీల ఎవ్వడు కూసోడు. ఆడ నలబై ఒక్క ఇండ్లు పెట్టుకున్నా జాగ మీది కాదంటున్నరు. ఇదేం నాయం?"

సియూ లింగ్ చాప్‌స్టిక్కులు కింద పెట్టింది. "నాకు ఐదిళ్ళు ఇవ్వు. నేను గీస్తా." ఇద్దరు తమిళులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చెరో ఐదు అన్నారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్ళూ సరేనన్నారు. సాయి కిరణ్ కాసేపు బల్లకేసి చూస్తూ గొణుక్కుని, "సర్లే, నాకూ పడెయ్" అన్నాడు. కంప్యూటర్లో గీసినవాడి పేరు ప్రతి ఇంటికీ అంటుకునే ఉంటుంది, తప్పించుకోవడానికుండదు. అందరికీ తెలిసే ఒప్పుకున్నారు.

ఏడుగురు, ముప్పై ఐదిళ్ళు. మిగిలినవి ఆరు. అందరూ భానుమతి వైపు చూశారు.

ఆమెకు సెంగ్‌కాంగ్‌లో ఇల్లుంది. ఒకటో క్లాసుకు పోయే కూతురు తన్మయి ఉంది. ఈ దేశంలో ఉండనిచ్చే పాస్ కంపెనీ చేతిలో ఉంది. ఇవన్నీ ఆమె చెప్పబోయింది. తిరుమలేష్ అడ్డుపడ్డాడు. "బలవంతం లేదక్కా. నీ అయిదు నేనే గీస్త. చివరిదొక్కటి ఉంచుత."

నాలుగింటికల్లా నలభై ఇళ్ళూ లేచాయి. నది వంపులో నోమ్సా ఇల్లొక్కటే లేదు. భానుమతి ఫోటో మీదికి వంగింది. ఈసారి నల్లటి కుప్ప కనబడింది. దాని వెనక వేలిగోరంత గుర్తు కూడా కనబడింది. ఆమె ఇల్లు గీసింది, గోరీ గీసింది. ఫైలు బయటికి పంపే అధికారం ఆమెది. బోర్డుకు పంపింది. నోమ్సాకూ పంపింది.

మర్నాడు మేనేజర్ సీతారామారావు వచ్చాడు. ఆయన కేక వెయ్యడు. బుజ్జగిస్తాడు, అదే ఎక్కువ ప్రమాదం.

"అమ్మా భానుమతీ, మనం తెలుగువాళ్ళం కదమ్మా, ఇలా పరువు తీస్తారా? ఎనిమిది మందినీ పంపిస్తే ప్రాజెక్టు ఆగుతుంది. ఒక్కణ్ణి పంపిస్తే ఆగదు. ఆ ఒక్కడెవరో నువ్వే చెప్పు, మిగతావాళ్ళని నేను చూసుకుంటాను."

"ఆమెనెందుకు సతాయిస్తరు సార్? మీకు ఎరికే గద" అంటూ తిరుమలేష్ లేచి నిలబడ్డాడు. పంపింది నేను అని ఒక్క మాట అనాలి భానుమతి. తన్మయి మొహం కళ్ళ ముందు నిలిచింది. ఆ మాట అనకుండా తెర వైపు తిరిగింది. ఆ క్షణానికి ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఇద్దరు గార్డులు వచ్చి అతన్ని తలుపు దాకా నడిపించారు. పాస్ రద్దు, సాయంత్రం విమానం. బుకిట్ బటోక్‌లో అతనుండే గదిలోని బట్టలు సర్దుకోవడానికి గంట టైమిచ్చారు. తలుపు దగ్గర అతను వెనక్కి తిరిగి, "అక్కా, ఊరు పైలం" అన్నాడు. అంతే అన్నాడు.

పదో రోజున నోమ్సా ఈమెయిల్ వచ్చింది. భానుమతి పైకి చదివింది.

"బోర్డు కూర్చోకముందే, మంగళవారం, యంత్రాలు తెచ్చారు. నలభై ఒక్క ఇళ్ళూ పోయాయి. అమ్మమ్మ గోరీ మీదుగా దారి వేశారు. ఎవరి ఇల్లు ఎక్కడిదో గుర్తుపట్టలేనంత చదును చేశారు. మీ మ్యాప్ నా దగ్గరుంది. దాన్ని పట్టుకుని వెతుక్కున్నాం. ఎవరి బూడిదకుప్ప మీద వాళ్ళం కూర్చున్నాం. కొట్టారు. లేవలేదు."

పెంటకుప్ప మీద కూర్చున్న ఈరమ్మ సంగతి నోమ్సాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. భానుమతి బల్ల మీద తల పెట్టుకుని, ఆఫీసని కూడా చూడకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది. సాయి కిరణ్ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడే సీతారామారావు పక్క గదిలోంచి బాలు అనే అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. "మొదటి మ్యాప్ తప్పని అడవి కంపెనీ వాళ్ళు బోర్డుకు చెబుతున్నారు. ఊరు లేకుండా కొత్తది సాయంత్రానికి పోవాలి. బాలూ, ఆ ఖాళీ కుర్చీలో కూర్చో."

భానుమతి లేచింది. సంచీలోంచి టిష్యూ ప్యాకెట్ తీసి తిరుమలేష్ కుర్చీలో పెట్టింది.

బాలు ఈ దేశం వచ్చి మూడేళ్ళయింది, ఆ ప్యాకెట్ అర్థం అతనికి తెలుసు. వంగబోయినవాడు ఆగిపోయాడు. బల్లకు అంటించిన ఉత్తరం చూశాడు, ఆమె ఎర్రబడ్డ కళ్ళు చూశాడు.

"కూర్చోవయ్యా!" అన్నాడు సీతారామారావు. మొదటిసారి కేక వేశాడు.

"ఇక్కడ మనిషున్నాడండీ" అన్నాడు బాలు.

"ఆ మ్యాప్ పంపింది నేను" అంది భానుమతి. "చివరి ఇల్లు గీసింది కూడా నేనే. ఆ రోజు చెప్పలేకపోయాను, ఇవాళ చెబుతున్నాను. ఈ చేత్తో ఒకసారి చెరిపాను. రెండోసారి చెరపను."

ఆమె తన కుర్చీలోనూ ఒక ప్యాకెట్ పెట్టింది. సియూ లింగ్ తనది పెట్టింది. సాయి కిరణ్ దగ్గర ప్యాకెట్ లేకపోతే సియూ లింగే ఒకటి విసిరింది. ఒకరి తర్వాత ఒకరు ఏడుగురూ పెట్టి, లిఫ్టు కోసం చూడకుండా మెట్ల మీదుగా దిగారు. వాళ్ళ వెనక బాలు కూడా దిగాడు.

పైన ఎనిమిది కుర్చీలున్నాయి, ఒక్కొక్కదాంట్లో ఒక టిష్యూ ప్యాకెట్. సీతారామారావు చాలాసేపు నిలబడే ఉన్నాడు.