మొమెనాకి తెలుగు వచ్చు

"భాష రాని మనిషైతే ఇంట్లో గొడవుండదు" అన్నారు మా ఆయన పెసరట్టు తింటూ. మూడేళ్ళ కిందటి మాట. నేను పెనం మీద ఇంకో అట్టు పోస్తున్నాను. వంటింటి గుమ్మం అవతల, గోడకి ఆనుకుని నిలబడి ఉందా పిల్ల. ఇరవయ్యేళ్ళుంటాయేమో. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. మా మరిది తరుణ్ అప్పుడే కారులో తెచ్చి దింపాడు. మామిడి సీజన్లో మా షెడ్డుకి కాయలు ఏరి ట్రేలలో సర్దేందుకు బెంగాల్ నుంచి మనుషుల్ని తెచ్చే ఏజెంటు ఒకడున్నాడు. ఈ పిల్లని ఇంట్లో పెట్టుకోమని వాడే ఇచ్చాడట. పేరు మీనా అని చెప్పాడట.

"కలకత్తా వైపు మనిషి వదినా. వెనకా ముందూ ఎవరూ లేరు. తిండీ బట్టా చాలు" అన్నాడు తరుణ్.

అప్పుడు నాకు కలిగింది జాలి అని రాస్తే అబద్ధమవుతుంది. సంతోషం కలిగింది. నూజివీడులో మామిడి వ్యాపారం చేసే సుబ్రహ్మణ్యం గారి భార్యగా ఈ ఇంటికొచ్చి అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఢిల్లీ నుంచీ నాగపూర్ నుంచీ వచ్చే సేట్లకి రొట్టెలూ కూరలూ వండాలి, షెడ్డుకి రోజుకి మూడుసార్లు టీ పంపాలి. తాండ్ర పోయించడం, పచ్చళ్ళు కలపడం, జాడీలు కట్టి ఆయనకి కావలసిన వాళ్ళందరి ఇళ్ళకీ చేర్చడం నావంతే. దానికి తోడు తుంటి ఎముక విరిగి అత్తయ్య మంచాన పడ్డారు. ఆవిడకి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం కూడా నా చేతుల మీదే. ఒక మనిషిని పెట్టమని అడిగితే, "ఇంట్లో ఉండేదానివి, నీకేం పని? మా అమ్మ పదిమందికి ఒక్కతే వండింది" అనేవారు మా ఆయన. అత్తయ్య మంచం మీంచే, "ఈ కాలం వాళ్ళ నడుములు గాజుతో చేశారు నాయనా" అనేవారు. మీనా వచ్చిన రోజు, నా నడుం మీద ఉన్నదంతా దించి ఆ పిల్ల నడుం మీద పెట్టేశారు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంకొకరి ఊపిరి ఆగితేనే నాకు ఊపిరాడుతోందన్న ఆలోచనే రాలేదు. వచ్చినా నిలవనిచ్చేదాన్ని కాదనుకుంటాను.

తెల్లవారుజామున అత్తయ్య పని, తర్వాత ఇల్లు, పది దాటాక షెడ్డు, మళ్ళీ సాయంత్రం ఇల్లు. ఆమె మాట్లాడేది కాదు. మేం సైగలతో చెబితే చేసేది. భాష రాదన్న ధీమాతో ఆమె ముందే అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. నా పాత చీరలు ఇచ్చేదాన్ని, జ్వరమొస్తే మాత్ర ఇచ్చేదాన్ని. మంచిగా చూసుకుంటున్నాననే అనుకునేదాన్ని.

ఈ ఏడాది మే నెలలో షెడ్డులో ట్రేల వరస కూలి ఆమె కుడి మణికట్టు మీద పడింది. కట్టు కట్టించారు గానీ వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. ఒక మధ్యాహ్నం మా ఆయనా తరుణూ భోజనం చేస్తున్నారు. మీనా ఎడంచేత్తో నేల తుడుస్తోంది.

"దీంతో ఇంక మనకేం పనవుతుంది అన్నయ్యా. శుక్రవారం ఏజెంటు వచ్చి తీసుకెళ్తానంటున్నాడు. హైదరాబాదులో వేరే పనుందట" అన్నాడు తరుణ్. పెరుగన్నం కలుపుతూ నవ్వాడు. "ఆ పనికి చేతులక్కర్లేదట."

మా ఆయన నవ్వలేదు. వద్దని కూడా అనలేదు. "కొంచెం మజ్జిగ పొయ్యి" అన్నారు నాతో.

వాళ్ళు షెడ్డుకి వెళ్ళాక పెరట్లో గిన్నెల దగ్గర కూర్చున్నాను. మీనా వచ్చి నా ఎదురుగా చతికిలబడింది.

"అమ్మా, నన్ను ఆ పనికి పంపొద్దు" అంది.

అచ్చం మా ఊరి తెలుగు. నా మాటతీరే, నా సాగదీతే. నా చేతిలోని గిన్నె కింద పడింది.

"నాకన్నీ తెలుసమ్మా. మొదటి ఏడాదికే తెలిసిపోయింది. తెలిసినట్టు కనపడితే కొడతారని ఊరుకున్నా. నా పేరు మీనా కాదు. మొమెనా."

కలకత్తా కాదు, ఆమెది బంగ్లాదేశ్‌లో సరిహద్దు దగ్గర పల్లె. మొగుడు వదిలేశాడు. కలకత్తాలో బట్టలు కుట్టే పని ఇప్పిస్తానని పక్కింటావిడ తీసుకొచ్చి, ఏరు దాటించి ఒకడికి అప్పగించింది. వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు మా ఏజెంటుకి. ఊళ్ళో తల్లి దగ్గర ఒక కూతురుంది. వచ్చేటప్పటికి దానికి ఏడాదిన్నర. "ఇప్పుడు మాటలన్నీ వచ్చేసుంటాయి" అంది మొమెనా. ఏడవలేదు. పనికిరాని చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో నిమురుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇస్తూ మా ఆయనతో అన్నాను. "ఏవండీ, ఆ పిల్లని పంపడానికి వీల్లేదు. పంపితే నేను పోలీసులకి చెబుతాను." ఇరవై మూడేళ్ళలో ఆయన ముందు అంత పెద్ద మాట అనడం అదే మొదలు. లోపలెక్కడో గర్వంగా కూడా ఉంది.

ఆయన కాఫీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టారు. "చెప్పు కమలా. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. జైలుకెళ్ళేది అదే, మనం కాదు" అన్నారు. ఆమెది ఈ దేశం కాదని ఆయనకి ముందే తెలుసన్నమాట. చొక్కా వేసుకుని తరుణ్‌ని వెంటబెట్టుకుని ఆయనే స్టేషన్‌కి వెళ్ళారు. పదిన్నరకి జీపు వచ్చింది.

"బెంగాల్ మనిషినని దొంగ ఆధార్ చూపించి మమ్మల్ని మోసం చేసిందండీ. నిన్ననే తెలిసింది. తెలిసిన వెంటనే వచ్చి చెబుతున్నాం" అంటున్నారు మా ఆయన ఎస్సైతో, బాధ్యత గల పౌరుడిలా. ఇద్దరు లేడీ కానిస్టేబుళ్ళు మొమెనాని చెరో రెక్కా పట్టుకున్నారు. గుమ్మం దాటుతూ ఆమె వెనక్కి తిరిగి నన్నే చూసింది. అడగలేదు, అరవలేదు. నేను ఏదైనా అంటానేమోనని చూసింది. నా చేతిలో గరిటె ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నేను పొయ్యి వైపు తిరిగి పప్పు కలిపాను.

జీపు వెళ్ళాక ఆయన అన్నారు, "చూశావా, ఎంత సులువుగా తేలిపోయిందో. సాయంత్రం ఆవపిండి పట్టించాలి, మర్చిపోకు."

నా సగం ధైర్యమే ఆమెని జైలుకి పంపింది. ఊరుకుని ఉంటే అమ్మేసేవాళ్ళు. గట్టిగా నిలబడి ఉంటే తప్పించేదాన్నేమో. రెండూ చేయకుండా బెదిరించి, బెదిరించిన చోటే ఆగిపోయాను. ఆరు వారాలు ఇంటి పనంతా మళ్ళీ నేనే చేశాను. ఏ గిన్నె తోముతున్నా చేతులు నావి కావనిపించేది. కంచంలో అన్నం సగం వదిలేసేదాన్ని. "పనిమనిషి పోతే ఇంత బెంగా?" అనేవారు అత్తయ్య.

జూలైలో, మగవాళ్ళు లేని వేళ చూసుకుని ఒకమ్మాయి వచ్చింది. కోర్టు తరఫున మొమెనాకి ఉచితంగా పెట్టిన లాయరు, హరిచందన.

"విదేశీయుల చట్టం కింద కేసు పెట్టారండీ. ఆడవాళ్ళ జైల్లో ఉంది" అంది. "మోసం చేసి, అమ్మేసి సరిహద్దు దాటించిన మనిషిని బాధితురాలిగా చూడాలి గానీ ముద్దాయిగా చూడకూడదు. అది తేలితే బాధితుల్ని ఉంచే హోముకి మారుస్తారు. వాళ్ళ ఎంబసీ వాళ్ళు మా మనిషేనని ఒప్పుకుంటే ఇంటికి పంపుతారు. తేలకపోతే శిక్ష పడుతుంది. ఇప్పుడున్నది ఆమె మాట ఒక్కటే. ఈ ఇంట్లో చూసినవాళ్ళు ఎవరైనా చెప్పాలి."

"నేను మంచిగానే చూసుకున్నానండీ." నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"ఆమే చెప్పింది. అమ్మ మంచిది, జ్వరమొస్తే మాత్రలిచ్చేది అంది." హరిచందన నా మొహంలోకి చూసింది. "మరి మూడేళ్ళలో ఒక్కసారైనా బయటికెందుకు వెళ్ళలేకపోయింది కమల గారూ?"

ఆ అమ్మాయి లేచింది. "నేను ఆమె లాయర్ని, మీ లాయర్ని కాదు. మీరు నోరు తెరిస్తే మీ మీదా కేసు రావచ్చు. ముందు వేరే లాయర్ని అడగండి. ఈ సంగతి దాచి మిమ్మల్ని కోర్టుకి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు."

ఎలా తెలిసిందో, సాయంత్రానికి మా ఆయనకి తెలిసిపోయింది. కొట్టలేదు. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడారు. అదే ఎక్కువ భయం. "సుష్మకి సంబంధాలు చూస్తున్నాం. తండ్రి మనుషుల్ని అమ్మాడంటే దాన్నెవడు చేసుకుంటాడు? ఎవరో దేశం కాని దేశం మనిషి కోసం కన్నకూతురి గొంతు కోస్తావా?" విజయవాడలో చదువుతున్న నా కూతురు ఫోన్లో ఏడ్చింది. "అమ్మా, ప్లీజ్, నువ్వేం చెప్పకు." మూడు రోజులు నేను మనిషిని కాను. నేను లేకుండా పోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని కూడా అనిపించింది. అయినా ఆ మూడు రోజులూ ఆకలేసిన వాళ్ళకి అన్నం వండిపెడుతూనే ఉన్నాను. అటు మొమెనా కూతురు, ఇటు నా కూతురు. ఎవరి బతుకు నిలబడాలో నన్ను తేల్చమంటున్నారు.

నాలుగో రోజు టిఫిన్లు పెట్టి, అత్తయ్యకి పక్క మార్చి, చీర మార్చుకుని బస్సెక్కాను. ముందు ఒక లాయర్ని కలిశాను. ఆయన వద్దనే చెప్పాడు. విని, కోర్టుకి వెళ్ళాను.

మేజిస్ట్రేటు నా వయసావిడే. "మీరు చెప్పేది మీకే వ్యతిరేకంగా వాడతారు. చెప్పి తీరాలని లేదు. కాసేపు కూర్చుని ఆలోచించుకోండి" అని పక్క గదికి పంపింది. అక్కడ ఒక బెంచీ, తిరగని ఫ్యానూ. ఫోను మోగుతూనే ఉంది. మొదట మా ఆయన, తర్వాత తరుణ్, తర్వాత సుష్మ. సుష్మ పేరు వెలిగినప్పుడు చెయ్యి దానంతటదే లేచింది. చూస్తుండగానే ఫోను ఆగిపోయింది. ఇంట్లో ఇరవై మూడేళ్ళలో ఎవరూ నన్ను ఆలోచించుకోమని చెప్పి గదిలో ఒంటరిగా వదిలిన గుర్తు లేదు. చీకట్లో చెయ్యి చాపి తడుముకున్నట్టు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. చూసిన వాటికంటే చేసినవే ఎక్కువ తగిలాయి.

లోపలికి పిలిచాక చెప్పాను.

"తెచ్చింది మా మరిది. పెట్టుకున్నది మా ఆయన. గేటుకి తాళం వేసింది మాత్రం నేనండీ. ముసునూరు పెళ్ళికి వెళ్ళిన రెండు రోజులూ ఆమెని లోపలుంచి తాళం వేసుకుని వెళ్ళింది నేను. బయటికెళ్తే పోలీసులు పట్టుకుంటారని, రెండు మణికట్లూ ఒకచోట చేర్చి సంకెళ్ళలా చూపించి భయపెట్టింది నేను. షెడ్డులో ఎవరో ఇచ్చిన చిన్న ఫోను ఆమె పక్క కింద దొరికితే తీసి మా ఆయన చేతికిచ్చింది నేను. దాంట్లో ఆమె వాళ్ళమ్మతో మాట్లాడుకునేదని ఇప్పుడు తెలిసింది."

గుమస్తా టైపు చేయడం ఆపి నన్నొకసారి చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు.

మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. మా ఆయనా తరుణూ అరెస్టయి బెయిలు మీద వచ్చారు. ఏజెంటు దొరకలేదు. నేనూ బెయిలు మీదే ఉన్నాను. మైలవరంలో ఒక గది తీసుకుని, హోటల్‌కి పిండి రుబ్బి ఇస్తున్నాను. సుష్మ ఫోనెత్తడం లేదు. మొమెనాని జైలు నుంచి హోముకి మార్చారు. కాగితాలు ఢిల్లీ వెళ్ళాయట. ఎప్పుడు తిరిగొస్తాయో ఎవరూ చెప్పలేరట. ముద్దాయిని కాబట్టి నేను ఆమెని కలవకూడదు. కూతురితో ఫోన్లో మాట్లాడించారని హరిచందన చెప్పింది. ఆ పిల్ల "నువ్వెవరు?" అని అడిగిందట.

"నా గురించి ఏమైనా అందా?" అని అడిగాను.

హరిచందన చెప్పాలా వద్దా అని చూసింది. "అంది. అమ్మ ఎందుకంత ఆలస్యం చేసింది అని. తెలుగులోనే."

నిన్న ఛార్జిషీటు నకలు వచ్చింది. మొదటి ముద్దాయి సుబ్రహ్మణ్యం, రెండు తరుణ్, మూడు కమల. నా పేరు కింద నేను చేసినవన్నీ, తేదీలతో సహా, ఒకటిన్నర పేజీ ఉంది. రెండుసార్లు చదివాను. ఆ ఇంట్లో నేను చేసిన పని కాగితం మీదికెక్కడం ఇదే మొదటిసారి.