ఏ గూటి పిల్ల

మా అక్క మొగుడికి కోళ్ళ దాణా మిల్లు ఉంది. నేను కోళ్ళ రోగాల ప్రయోగశాలలో పనిచేస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా గది గడప తొక్కని బావ, ఈమధ్య మాటిమాటికీ వచ్చి గూళ్ళ ముందు గొంతుక్కూర్చుంటున్నాడు. ఊరికే రారు మహానుభావులు అనుకున్నాను.

సంగతేమిటంటే, వానకి గోడౌను కారి ఆయన మొక్కజొన్నంతా బూజు పట్టింది. ఆ బూజులో పుట్టే విషం కోడిని ఒక్కసారిగా చంపదు. రోగాన్ని ఎదిరించే శక్తిని లోపల్నుంచి తినేస్తుంది. ఇక టీకా వేసినా బూడిదలో పోసిన పన్నీరే. విటమిన్ ఇ కలిపితే ఆ నష్టం ఆగుతుందా అన్నదే నా ప్రయోగం. మొదటి గూటికి మంచి గింజ, రెండో గూటికి బూజు గింజ, మూడో గూటికి బూజు గింజతో పాటు విటమిన్. ఆగుతుందని తేలితే తన సరుకులో విటమిన్ కలిపి అమ్మేద్దామని బావ ఆశ.

అందుకే ఆయన కళ్ళెప్పుడూ మూడో గూటి మీదే. రెండో గూటి పిల్లలు రెక్కలు వేలాడేసుకుని మూల చేరితే, ఇవి దాణా కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎంత తింటున్నాయి, రెట్ట ఎలా వేస్తున్నాయి, విటమిన్ నీళ్ళలో కలుపుతావా గింజలోనా అని ఒకటే ఆరా. ఆయనలో ఇంత కుతూహలం ఉందని నాకు తెలీదు. ముచ్చటేసింది కూడా.

ఇవాళ రక్తపరీక్షల ఫలితాలొచ్చాయి. మూడో గూటిలో టీకా పట్టింది గానీ, మొదటి గూటితో పోలిస్తే సగమే. ఆ సగం దగ్గరే ఎందుకాగిందో నాకూ అంతుపట్టలేదు. బావ మాత్రం సగమన్న మాటకే మొహం చాటంత చేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"బావా, మీ చిన్నది పెంచుకోడానికి కోడిపిల్ల కావాలంటే ఏ గూట్లోంచి తీసిస్తారు?"

ఆయన చెయ్యి ఆలోచించకుండానే మొదటి గూటి మీదకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"మరి మీ దాణా కొనేవాళ్ళ కోళ్ళకో?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇక వెళ్ళి ఆ సరుకంతా పారబోయిస్తాడులే అని నా కోపం చల్లారింది. ఆయన ఫోను తీసి గుమస్తాని పిలిచాడు.

"పొద్దున వెళ్ళిన లోడు ఎక్కడుంది?"

అంటే ఫలితాలు రాకముందే బూజు సరుకు అమ్మేశాడన్నమాట! అటువైపు మాట విని బావ లేచి నిలబడ్డాడు.

"దింపేశారా? అయితే కోళ్ళకి పెట్టొద్దని చెప్పు. నేను బయల్దేరుతున్నా."