తోమకూడని గిన్నె

మెనూ కార్డు మీద "మా అమ్మ చేతి ఉల్లి సూప్" అని ఉంది. నా మరదలు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"వీడికి వంటొచ్చిన అమ్మెప్పుడు పుట్టింది బావా? ఆవిడకి స్టవ్ వెలిగించడం కూడా రాదని వాడే నవ్వేవాడుగా?"

ఆ సూప్ నా భార్యది. పదకొండేళ్ళు నడిపిన చిన్న హోటల్లో ఆమె రోజూ చేసేది. ఇప్పుడీ రెస్టారెంటు నడుపుతున్న పెద్ద ఛెఫ్ అప్పుడు ఆమె దగ్గర ఉల్లిపాయలు తరిగేవాడు. అక్కా అని పిలిచి, భాగస్తుడై, ఆమె ఆస్పత్రిలో ఉన్న నెలలో హోటల్ తన పేర రాయించుకుని తాళం మార్చేశాడు. వంటల నోటుపుస్తకం లోపలే ఉండిపోయింది. ఆమె మళ్ళీ ఆ వంటింట్లో అడుగు పెట్టకుండానే పోయింది. నేను ఈ మధ్యాహ్నం ఇక్కడికి వచ్చింది భోజనానికి కాదు, ఆ సూప్ ఆమెదని అతని చేత ఒప్పించడానికి.

మొదట మాంసం వచ్చింది. "ఇంత పళ్ళెంలో ముక్క తప్పిపోయినట్టుంది. ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో," అంది మరదలు. తర్వాత సూప్. వేడిగా ఉంది, ఉప్పు సరిపోయింది, అంతే. రుచి నాలుక మీద నిలవలేదు. వడ్డించే అమ్మాయి నా ముఖం చూసి, అడక్కుండానే మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. ఆ గదిలో నాకు దొరికిన దయ అదొక్కటే.

ఛెఫ్ బల్లబల్లకీ తిరుగుతూ మా దగ్గర ఆగిపోయాడు.

"బావగారూ! మీరా?" పక్క బల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పండి. పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నాను. అక్క చేసినట్టు రావట్లేదు. ఏం తక్కువైంది?"

దాచిపెట్టడం కంటే చెప్పడమే అతన్ని ఎక్కువ బాధపెడుతుందని నాకు తెలుసు.

"తాళం మార్చిన రోజు సూప్ గిన్నె ఏం చేశావు?"

"తోమించాను. అడుగున పాత సూప్ ఉంటే పారబోయించి..."

"అదే తక్కువ. ఆవిడ ఏ రోజూ గిన్నె ఖాళీ చెయ్యలేదు. నిన్నటి సూప్ మీదే ఇవాళ్టిది మరిగించేది. పదకొండేళ్ళ రుచి అందులో ఉంది. చేతికి అలవాటైన పని కాబట్టి పుస్తకంలో రాసుకోలేదు."

అతను కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఎక్కడా... కొంచెమైనా మిగల్లేదా?"

"మా ఇంట్లో ఉంది. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఒక డబ్బాలో తెచ్చి నాకు అప్పగించింది. రోజూ మరిగిస్తున్నాను."

"ఒక్క గరిటె, బావగారూ."

"ముందు ఆ కార్డు మీద మీ అమ్మని కొట్టేసి, అక్క అని రాయి. అన్ని కార్డుల మీదా."

"ఇప్పుడా? ఇంతమంది ముందా?"

"నీ ఇష్టం."

మరదలు సంచిలోంచి పెన్ను తీసి, మూత కూడా విప్పి ఇచ్చింది. అతను ప్రతి బల్ల దగ్గరా వంగి, క్షమించమంటూ, కార్డులు అడిగి తీసుకుని దిద్దాడు. ఒక పెద్దమనిషి ఎందుకని గట్టిగా అడిగితే, "ఈ సూప్ మా అక్కదండీ, మా అమ్మది కాదు," అని అందరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది. జాలి వేస్తుందేమో అని చూశాను. వెయ్యలేదు.

చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. "అయిపోయింది బావగారూ. రేపు గిన్నె తీసుకుని ఎన్నింటికి రమ్మంటారు?"

"ఎందుకు? ఇస్తానన్నానా?" అని అడిగి, మరదలికి చెయ్యి అందించి లేపాను.