సిగ్నలక్క చెప్పని సంగతి

మందుల గోడౌన్‌లో ఆవిడని అందరూ సిగ్నలక్క అంటారు. హాజరు పట్టీ రాసే గుమాస్తాకి తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పొద్దున్న ఆరున్నరకల్లా తన బల్ల ముందు కూర్చుని, ఇరవై రెండు చేతి కంప్యూటర్లను వరసగా పేర్చుకుని, ఒక్కోదాన్నీ నెట్‌కి కలుపుతుంది. అందరూ మిషన్లు అనే ఆ కంప్యూటర్లు అరచేతి కంటే కాస్త పెద్దవి. పెట్టె మీది నల్లగీతల చీటీకి ఎదురుగా పట్టుకుంటే చదివి, లెక్కని ఆఫీసు కంప్యూటర్‌కి పంపుతాయి. మధ్యలో వైరు లేదు, వెళ్లేదంతా గాల్లోనే. ఆ గాలి గుణం ఆవిడకి తప్ప గోడౌన్‌లో ఎవరికీ పట్టుబడలేదు.

ఒక్క మిషను కలపడానికి తొమ్మిది పనులు. ఆపాలి, మళ్లీ పెట్టాలి, సెట్టింగుల్లోకి దూరాలి, ఆరు నెట్‌వర్కుల్లోంచి తమది ఏరాలి, ఎవడో పని లేనివాడు పెట్టిన ఇరవై అక్షరాల పాస్‌వర్డు కొట్టాలి. ఇంకా ఉన్నాయి. ఇంత చేసినా, వేరేవాళ్లు కలిపిన మిషను గడప దాటగానే మొహం చాటేస్తుంది. సిగ్నలక్క కలిపింది మాత్రం సాయంత్రం దాకా కిక్కురుమనదు. అందుకే పొద్దున్నే ఆ బల్ల ముందు బారు తీరేవాళ్లు. నిన్నటిదాకా లెక్కచేయనివాళ్లు కూడా "అక్కా, ముందు నాది చూడవూ" అని బతిమాలేవాళ్లు. ఆవిడకి అది బాగానే ఉండేది. ఎవరికి బాగుండదు?

కానీ అసలు సంగతి మోకాళ్లు. రెండేళ్ల కిందట రెండూ అరిగిపోయాయి. పెట్టెలు ఎత్తలేనివాళ్లకి గోడౌన్‌లో చోటు లేదు. ఆవిడ కళ్ల ముందే అలాంటి ముగ్గురిని ఇంటికి పంపారు. ఈవిడ లేకపోతే పొద్దున్న పని మొదలే కాదు కాబట్టి సూపర్‌వైజరు ఉంచాడు. ఉన్నది ఆ బల్ల పుణ్యాన అని అతనికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

అలాంటి రోజుల్లో హెడ్డాఫీసు నుంచి టెక్నీషియన్ దిగాడు. ముప్పై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. తొమ్మిది పనులూ తీసేసి ఒకే బటన్ పెడతానన్నాడు. ఎవరిని అడిగినా అక్కనే అడగమన్నారు. అతను స్టూలు లాక్కుని రెండు రోజులు ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ చేసే ప్రతిదీ ఎందుకు చేస్తుందో అడిగి పుస్తకంలో రాసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆవిడ పనిని పని అనుకుని అడిగినవాడు అతనొక్కడే. ఆ మురిపెంలో ఎనిమిది చెప్పేసింది. తొమ్మిదోదాని దగ్గర నాలుక మడత పడింది.

తొమ్మిదోది చూడ్డానికి చిన్న పనే. చల్లగా ఉంచాల్సిన మందులు పెట్టే చలిగది బయట వసారాలో, వచ్చిపోయేవాళ్ల కోసం వేరే నెట్‌వర్కు ఒకటుంది. చలిగది గోడలు ఇనపరేకులవి, లోపలికి గోడౌన్ సిగ్నల్ అంతంతమాత్రం. వసారాది మాత్రం తలుపు పక్కనే కాబట్టి నిండుగా వస్తుంది. మిషను పోయి దాన్ని పట్టుకుంటుంది. ఆ నెట్‌వర్కు ఎవరు ఏం పంపినా చదవదు, స్వాగతం అని ఒక పేజీ చూపించి ఊరుకుంటుంది. మిషను ఆ స్వాగతాన్నే రసీదు అనుకుని పక్కన టిక్కు పెట్టేస్తుంది. లెక్క మాత్రం ఎక్కడికీ చేరదు. ఎంత తీసేసినా, మిషను ఆపి మళ్లీ పెట్టగానే ఆ నెట్‌వర్కు తిరిగొచ్చి చేరుతుంది. అందుకని సిగ్నలక్క రోజూ పొద్దున్నే ఇరవై రెండు మిషన్లలోనూ ఆ వసారా నెట్‌వర్కుని చెరిపేసేది. దీన్ని కనిపెట్టడానికే ఆవిడకి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంకేమైనా ఉందా అక్కా అని టెక్నీషియన్ అడిగాడు. ఏమీ లేదు బాబూ అంది. వాడి బటన్ నాలుగు రోజులు మొరాయిస్తే వాడే మూట సర్దుకుని పోతాడని ఆవిడ లెక్క. అంతకు మించి ఆలోచించలేదు.

ఆ సాయంత్రం అతను, ఆవిడ పొద్దున్నే సిద్ధం చేసిన మిషన్ల మీదే తన బటన్ వేసి చూసుకున్నాడు. మూలమూలా తిరిగాడు, చలిగదిలోకి కూడా వెళ్లొచ్చాడు. అన్నీ పనిచేశాయి, చెయ్యక ఏం చేస్తాయి! మర్నాడు పొద్దున్న పాతవన్నీ తుడిచేసి, నీలం బటన్ ఒక్కటి మిగిల్చి, మిషన్లు పంచాడు. నొక్కారు, కలిశాయి, ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. బల్ల ముందు ఒక్కరూ ఆగలేదు.

చలిగది లెక్క వదినది. సిగ్నలక్కకి సొంత అన్న భార్య. పన్నెండేళ్లుగా ఒక్క పెట్టె తేడా రాని మనిషి. ఆడపడుచుకి ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. రెండు స్వెట్టర్లు తొడుక్కుని, నాలుగు వందల పన్నెండు పెట్టెలు లెక్కపెట్టి, వేళ్లు కొంకర్లు పోయి మధ్యాహ్నం బయటికి వచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌లో చలిగది పక్కన సున్నా ఉంది.

సూపర్‌వైజరు అరవలేదు. అరిస్తే బాగుండేది. లోపల లెక్కే పెట్టావా, కునుకు తీశావా అని పదిమంది ముందు నింపాదిగా అడిగాడు. వదిన మిషను చూపించింది, అన్నిటికీ టిక్కులున్నాయి. టిక్కులు ఎవరైనా పెట్టుకోవచ్చన్నాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమన్నాడు. వదిన అన్నం డబ్బా మూత కూడా తీయకుండా లోపలికి వెళ్లిపోయింది.

సిగ్నలక్క ఇదంతా బల్ల దగ్గరి నుంచి చూసింది. టెక్నీషియన్ మీదికి పోతుందనుకున్నది పోయి పోయి ఎవరి నెత్తిన పడింది? తన వేలితో తన కన్నే పొడుచుకుంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. టెక్నీషియన్ పాపం పుస్తకం ముందేసుకుని జుట్టు పీక్కుంటున్నాడు. ఆవిడ బల్ల పట్టుకుని లేచి అతని దగ్గరికి నడిచింది.

"ఇంకోటుంది బాబూ. నిన్న చెప్పలేదు. మర్చిపోయి కాదు," అని మొత్తం చెప్పింది.

అతను పుస్తకంలో తొమ్మిదోది రాసుకున్నాడు. ఎందుకని అడగలేదు. అరగంటలో సరిచేశాడు. ఇక ఆ బటన్ వసారా నెట్‌వర్కు వైపు కన్నెత్తి చూడదు, లెక్క చేరినట్టు ఆఫీసు నుంచి జవాబు వస్తేనే టిక్కు పెడుతుంది. ఆవిడని వెంటబెట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, తప్పు మిషన్‌లో ఉంది, చలిగదిలో ఉన్నావిడది కాదని చెప్పాడు. నేను చెప్పకపోవడం వల్లే ఇదంతా అని సిగ్నలక్క తనే కలగజేసుకుంది.

సూపర్‌వైజరు తల ఊపాడు. సరే, ఇకనించి బల్ల దగ్గర పనేం లేదు కదా, నువ్వూ చలిగదిలోకి వెళ్లు, పెట్టెలు దించి ఎక్కించడానికి ఒకరు కావాలి అన్నాడు. చెయ్యలేకపోతే చెప్పు, చూద్దాం అని కూడా అన్నాడు. అతను అలా చూద్దామన్న ముగ్గురూ ఇప్పుడు ఇళ్లలో ఉన్నారు.

ఆవిడ సరిచేసిన మిషను ఒకటి తీసుకుని, కొక్కేనికున్న స్వెట్టరు తొడుక్కుని లోపలికి వెళ్లింది. వదిన పెట్టెలు పేర్చిన మొదటి అర దగ్గర గొంతుక్కూర్చుని కింది పెట్టెలు లాగుతోంది. సిగ్నలక్క పక్కన నిలబడి, దాచిందీ, దాని వల్ల జరిగిందీ, ఇప్పుడు తనని ఇక్కడికి వేసిందీ ఏదీ మింగకుండా చెప్పేసింది. చెబుతుంటే నోట్లోంచి పొగలా ఆవిరి వచ్చింది.

వదిన చెయ్యి ఆగింది. పన్నెండేళ్ల పేరు పదిమందిలో పోయిన మనిషి ఆవిడ.  ఆడపడుచు చేతిలోని మిషను లాక్కుని, నీలం బటన్ నొక్కి, పని మొదలుపెట్టింది. ఒక అర అయింది, రెండో అర అయింది. సిగ్నలక్క పై వరస పెట్టెలు అందించింది. మూడో అర దగ్గర కింది పెట్టె కోసం అర పట్టుకుని, పళ్లు బిగించి మోకాళ్లు వంచబోయింది.

వదిన ఆ చేతిని విసురుగా తోసేసింది.

"నీతో నాకు మాటల్లేవు. ఎన్నాళ్లో కూడా తెలీదు," అంది. "కింది వరసలు మాత్రం ముట్టుకోకు. అవి నావి. రేపూ నావే."