ఎనిమిదో లైటు

షట్టరు పైకి లేచీ లేవగానే పున్నమి చేసే మొదటి పని గాజు అలమరలోని లైట్లన్నీ మెత్తటి గుడ్డతో తుడవడం. అది మామూలు తుడుపు కాదు. ఒక్కో లైటునూ అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. అంచులు తడుముతాడు. వెనక్కి తిప్పి, వైరు కొసను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు నలుపుతాడు. అప్పుడు గానీ దాన్ని దాని చోట పెట్టడు. బిల్లులు రాసే అమ్మాయి, చేరిన కొత్తలో, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏంటండీ, లైట్లకి నాడి చూస్తున్నారా?"

"చూడాలి కదమ్మా! రాత్రంతా ఒంటరిగా ఉన్నాయి, ఏ జ్వరం తగిలిందో."

ఆ అమ్మాయికి తెలియని సంగతి ఒకటుంది. ప్రతి వైరు కొసకూ సన్నటి దారంతో ముడులున్నాయి. అవి పున్నమి భార్య వేసినవి. ఒక ముడి ఉంటే పసుపు వెలుగు, రెండుంటే తెల్ల వెలుగు, మూడుంటే ఫ్లడ్ లైటు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా శాంపిళ్ళు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్తాడు. ఆవిడ డబ్బాల మీది అక్షరాలు పైకి చదువుతూ ముడులు వేస్తుంది. ఈయన ఎదురుగా కూర్చుని బుద్ధిగా అప్పజెబుతాడు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఇదే చదువు.

పున్నమి అన్నది అసలు పేరేమీ కాదు. పాత యజమాని ముద్దుకి పెట్టింది. "వీడు కాలు పెట్టిన వాకిట్లో రోజూ పున్నమే" అని ఆయన ఎవరితోనో గొప్పగా చెప్పాడు. అంతే, ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పేరు. పెద్దాయన పోయి, కొడుకు గల్లాలో కూర్చున్నా ఆ పేరు పోలేదు. కొడుకు మాత్రం చిన్నప్పటి అలవాటు కొద్దీ "బాబాయ్" అంటాడు.

పేరు ఊరికే రాలేదు. ఇంటి బయట లైట్లు ఎంచడంలో పున్నమికో పద్ధతి ఉంది. మిగతా దుకాణాలవాళ్ళు పట్టపగలు వచ్చి, రంగుల పుస్తకం తిప్పి చూపించి, పది లైట్లు అంటగట్టి చక్కాపోతారు. ఇతను పొద్దు వాలే వేళకు వెళ్తాడు. శాంపిళ్ళన్నీ నేలలో గుచ్చి, పొడుగు వైరు లాగి వెలిగించి, ఆ ఇంటివాళ్ళు రోజూ ఎక్కడ కూర్చుంటారో అడిగి తనూ అక్కడే చతికిలబడతాడు. ఇక ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెడతాడు. ఇదెందుకు, శుద్ధ దండగ. అదీ తీసెయ్, కంట్లో పొడుస్తోంది. అలా పదిలోంచి నాలుగుకు దిగాక "ఇప్పుడు నడవండమ్మా" అంటాడు. ఇంటావిడ గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి, తన ఇంటిని తానే కొత్తగా చూసుకుంటూ నిలబడిపోతుంది. ఆ ముఖం చూడటానికే పున్నమి ఇన్నేళ్ళు బతికాడంటే నమ్మండి.

మూడేళ్ళ కిందట కంటి డాక్టరు చెప్పేశాడు. "పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోండి." చుక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. అయినా ఎడమవైపు లోకం మొత్తం చెరిగిపోయింది. కుడికన్ను ఉంగరంలోంచి చూసినట్టు ఎదురుగా ఇంత మేర చూపిస్తుంది. పగలు ఎలాగో నెట్టుకొస్తాడు. సరిగ్గా తన పని మొదలయ్యే వేళకే ఆ ఇంత కూడా మసకబారుతుంది. ఆ రోజు ఆసుపత్రి బయట బల్ల మీద కూర్చుని మొగుడూ పెళ్ళాం ఒక్కటే అనుకున్నారు, దుకాణంలో ఈ మాట పొక్కనివ్వకూడదని. యాభై దాటిన మనిషి, లైట్లు తప్ప మరో పని రాని మనిషి, ఇది పోతే ఏ గుమ్మం ఎక్కుతాడు?

గుట్టు ఇన్నాళ్ళూ నిలిచింది. కానీ పోయిన నెలలో రెండిళ్ళవాళ్ళు ఫోను చేసి దులిపేశారు. వాకిలి బస్టాండులా ఉందట, పక్కింటివాళ్ళు పోట్లాటకు వస్తున్నారట.

శాంపిళ్ళ సంచి భుజాన వేసుకుంటూ ఉంటే యజమాని గల్లాలోంచి లేచి వచ్చాడు.

"బాబాయ్, ఇవాళ నర్సమ్మగారింట్లో కాస్త చూసుకుని ఎంచు. నాన్న ఉన్నప్పుడు తీసెయ్యి తీసెయ్యి అనేవాడివి, ఇప్పుడేంటి కుమ్మరించేస్తున్నావ్? ఇంకొక్క ఇంటివాళ్ళు అరిచారంటే ఈ పని ఇంకొకరికి ఇవ్వక తప్పదు నాకు."

"నువ్వేం కంగారు పడకు బాబూ" అన్నాడు పున్నమి.

బస్సు నంబరు కనబడదు. దానికీ ఓ ఉపాయం ఉంది. పక్కన నిలబడ్డవాళ్ళతో "మా ఆవిడ తన కళ్ళజోడనుకుని నాది పెట్టుకుపోయిందండీ, ఆ వచ్చేది ఎన్నో నంబరు?" అంటాడు. వాళ్ళు నవ్వుతూ చెబుతారు. ఆవిడకు అసలు కళ్ళజోడే లేదు.

నర్సమ్మ ముప్పై ఏళ్ళు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. పెళ్ళికాని అక్క ఆవిడ దగ్గరే ఉంటోంది. ఆ అక్కే మొన్న చీకట్లో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. అందుకే ఈ లైట్లు. గేటు నుంచి వరండా దాకా ఇటుకలు పరిచిన సన్నటి దారి, మధ్యలో కుళాయి, దానికి చుట్టిన రబ్బరు గొట్టం, చివర మూడు మెట్లు. పున్నమి వెలుగుండగానే అడుగులు వేసి కొలుచుకున్నాడు. గేటు నుంచి కుళాయికి పదకొండు, అక్కణ్ణుంచి మెట్లకు తొమ్మిది. మూడో మెట్టు మిగతా రెండింటికన్నా పొట్టిదని పాదమే చెప్పింది.

"ఇదే మీ అక్కగారిని పడేసింది" అన్నాడు.

వరండాలో కుర్చీలో ఉన్న అక్కగారు సంబరపడిపోయింది. "చూశావుటే! మేస్త్రీ దొంగవెధవ అంటే విన్నావు కావు. నాకే తూలుడనేశావు."

పున్నమికి ప్రాణం లేచొచ్చింది. ఇవాళ గండం గట్టెక్కేట్టే ఉంది. యజమాని హెచ్చరిక గుర్తుంచుకుని పది జోలికి పోలేదు. ముడులు తడుముకుంటూ నాలుగంటే నాలుగే గుచ్చాడు, ఒకప్పుడు తీసేయగా తీసేయగా చివరకు మిగిలేవి ఎన్నో అన్నే. గేటు దగ్గరొకటి, కుళాయి దగ్గరొకటి, మెట్లకు అటొకటి ఇటొకటి, అన్నీ ఒంటిముడివే. వరండా అంచున కూర్చుని చీకటి కోసం ఎదురుచూశాడు. నర్సమ్మ టీ ఇచ్చింది. అక్కగారు తన తుంటి కథంతా మొదటినుంచి చెప్పింది.

చీకటి పడింది. నర్సమ్మ స్విచ్చి వేసింది.

పున్నమి చూశాడు. కుడికన్ను ముందు నాలుగు పసుపు చుక్కలు, ఎక్కడో దూరంగా. దారి లేదు, కుళాయి లేదు, మెట్లు లేవు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మొన్న రెండిళ్ళలోనూ ఇంతే. అప్పుడు తన చూపును నమ్మి చెడిపోయాడు. ఇవాళ నమ్మకూడదనే వచ్చాడు. నాలుగు చాలని ముప్పై ఏళ్ళ అనుభవం చెబుతోంది. కానీ ఆ మూడో మెట్టు? తను చాలని వెళ్ళిపోయాక ఆ ముసలావిడ మళ్ళీ పడితే? కనబడని మెట్టును కనబడుతోందని ఎలా చెప్పడం?

"ఇంకొకటి వేద్దామమ్మా" అన్నాడు.

ఐదోది గుచ్చాడు. చాల్లేదు. ఆరోది తెల్లది పెట్టాడు. ఏడోది పెట్టాడు.

"ఏమే, మన వాకిట్లో విమానమేమైనా దిగుతోందా?" అని అక్కగారు కొంగు కళ్ళకడ్డం పెట్టుకుంది.

పున్నమి సంచిలో చెయ్యి పెట్టి మూడు ముడులున్నదాన్ని బయటికి తీశాడు. తగిలించి వెలిగించాడు. ఎదురింటి గోడ తెల్లగా మెరిసిపోయింది. ఎవరో కిటికీ తలుపు విసురుగా వేసుకున్నారు.

"మెట్లు ఇంకా తేలట్లేదమ్మా" అన్నాడు, ఎదురుగా దారివైపు చూస్తూ.

నర్సమ్మ ఎదురుగా లేదు. అతని ఎడమ భుజం పక్కనే నిలబడి ఉంది. ఆసుపత్రి అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యెత్తి, అతని ఎడమ చెంప దగ్గర వేళ్ళు మెల్లగా ఆడించింది. అతను రెప్ప కూడా వేయలేదు.

"అన్నయ్యగారూ, ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అంది.

అంత దగ్గర్నుంచి గొంతు వినబడేసరికి పున్నమి ఉలిక్కిపడ్డాడు. కళ్ళజోడు హాస్యం నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు.

"షాపులో తెలీదమ్మా. తెలిస్తే ఉంచుకోరు. మీకు దణ్ణం పెడతాను, చెప్పకండి."

"అయ్యో, నేనెందుకు చెప్తానండీ" అంది ఆవిడ. ఆ మాట మనసారానే అంది. ఎనిమిదో లైటు తనే ఆర్పింది. ఏడు, ఆరు, ఐదు తనే తీసింది. నాలుగు మిగిలాక గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి చూసి, "ఎంత బాగుందో! ఇవే ఉంచేద్దాం" అంది. పున్నమి ఆ ముఖం కోసం ఉంగరమంత చూపుతో వెతికాడు, దొరకలేదు. దుఃఖం ముంచుకొచ్చింది. వంగి వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

నర్సమ్మ అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బస్సెక్కించింది. పున్నమి కిటికీ పక్కన కూర్చుని ఊపిరి పీల్చుకున్నాడు. ఇవాళ్టికి గడిచింది. నాలుగే లైట్లు, ఇంటావిడకు నచ్చాయి, ఎవరూ అరవరు. ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఎంత సంతోషిస్తుందో.

సంచి అప్పజెప్పి పోదామని దుకాణం ఎదుట దిగాడు. రోడ్డు దాటాలి. ఎప్పటిలాగే చెవులు రిక్కించి మోతల మధ్య సందు కోసం చూస్తున్నాడు. ఇంతలో కుడి మోచేతిని ఎవరో పట్టుకున్నారు.

"పద బాబాయ్" అన్నాడు యజమాని. "నర్సమ్మగారు ఫోన్ చేశారు. ఏం చెప్పలేదు పాపం. ఆయన ఒక్కరే వస్తున్నారు, రోడ్డు దాటించండి అని మాత్రం అన్నారు."

దాటించాడు. ఆ నర్సమ్మ మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాడు పున్నమి. రాలేదు.

బిల్లులమ్మాయి వెళ్ళిపోయింది. దుకాణంలో ఇద్దరే ఉన్నారు. యజమాని సంచిలోంచి ఒక శాంపిలు తీసి, వైరు కొస చూసి, ముడి మీద వేలు పెట్టాడు.

"పిన్ని వేసిందా?"

"ఊఁ."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా! నేనంత కానివాణ్ణయ్యానా బాబాయ్? మొన్న నిచ్చెనెక్కావు. నేనే ఎక్కమన్నాను. పడి ఉంటే పిన్నికి నా ముఖం ఎలా చూపించేవాణ్ణి?"

"ఓ మూల కూర్చుంటాను బాబూ. లైట్లు తుడుస్తాను. అది చేతులతోనే కదా."

యజమాని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కుర్రవాడు మంచివాడే, అదే వచ్చిన చిక్కు. తిట్టి వెళ్ళగొట్టేవాడైతే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవచ్చు. కళ్ళు తుడుచుకుంటున్నవాణ్ణి ఏమని బతిమాలతాం?

"రేపట్నుంచి ఇంటిపట్టున ఉండు బాబాయ్. నేనొచ్చి మాట్లాడతాను."

"సరే బాబూ" అన్నాడు పున్నమి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ రెండు మాటల్లో అయిపోయాయి. తుడుపు గుడ్డ నాలుగు మడతలు పెట్టి అలమర మీద ఉంచాడు.

యజమానికి కాలూ చెయ్యీ ఆడలేదు. ఏదో ఒకటి ఇవ్వాలి, వట్టి చేతులతో పంపకూడదు. గబగబా అరలోంచి దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచి టార్చి తీశాడు. బ్యాటరీలు వేసి, వెలిగించి చూసి, గల్లాబల్ల మీద పున్నమి చేతి పక్కకు జరిపాడు, ఎడమచేతి పక్కకు. మాటంటే ఏడుపొస్తుందని నోరు తెరవలేదు.

పున్నమి ఒక్క క్షణం ఆగాడు, ఇంకేమైనా అంటాడేమోనని. ఏమీ వినబడలేదు. "దింపనా?" అని యజమాని అనేలోపే "ఈ వీధి నా కాళ్ళకు తెలుసులే" అనేసి గుమ్మం దిగాడు. కుడిచెయ్యి మూసేసిన షట్టర్లను తాకుతూ పోతుంటే ఇనుప రేకులు గలగలమన్నాయి. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినబడి ఆగిపోయింది.

తనిచ్చింది పట్టుకెళ్ళడానికి కూడా బాబాయ్‌కి మనసు ఒప్పలేదనుకుని యజమాని గల్లాబల్ల ముందు కూలబడ్డాడు. ధర చీటీ ఇంకా పట్టీకి వేలాడుతూ, టార్చి అక్కడే, చేతికి అందేంత దూరంలో వెలుగుతూ ఉంది.